వియన్నాను నా కోసం దాచుకున్నాను

మా తోటికోడలు యూరప్ వెళుతోందన్న సంగతి నాకు నేరుగా తెలియలేదు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, కింద వాకిట్లో ఆమె ఎవరితోనో ఫోన్లో చెప్పడం వినపడింది. "ఈసారి బ్యాంకాక్ కాదంట పిన్నీ, యూరపంట. చలికోట్లు కొనుక్కోవాలంట."

నా చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని తీగ మీద వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. నీళ్ళు కారి కుచ్చిళ్ళు తడిశాక గానీ తెలివి రాలేదు.

నరసరావుపేటలో మాదంతా ఒకే ఇల్లు. పైన మేము, కింద మా మరిది వాళ్ళు. మా ఆయన మార్కెట్ యార్డు ఆఫీసులో ఉద్యోగి. మరిదికి సిమెంటు, ఇనుము షాపు ఉంది. లారీ సరుకు దించుకోవడం దగ్గర్నుంచి మేస్త్రీలతో బేరాల దాకా అందులో సగం పని మా తోటికోడలిదే. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ వాళ్ళు భార్యలతో సహా విదేశాలు తిప్పి తీసుకొస్తారు. అలా ఆమె బ్యాంకాక్ చూసింది, దుబాయ్ చూసింది. ఆ రెండింటికీ నేను పెద్దగా బాధపడలేదు. బజార్లూ అద్దాల మేడలూ తప్ప అక్కడేముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

యూరప్ అలా కాదు. యూరప్ నాది.

నేను నకరికల్లు మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇరవై నాలుగేళ్ళుగా పదో తరగతి పిల్లలకు యూరప్ చరిత్ర చెబుతున్నాను. ఏటా వియన్నా సమావేశం పాఠం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారిపోతుందని మా స్టాఫ్ రూములో నవ్వుకుంటారు. పుస్తకం చూడకుండా యూరప్ పటాన్ని బోర్డు మీద గీస్తాను. డాన్యూబ్ నదిని చాక్‌పీసు ఎత్తకుండా, జర్మనీ అడవుల నుంచి నల్ల సముద్రం దాకా ఒక్క గీతలో లాగుతాను. అది చూసి పిల్లలు చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఇటు తిరుపతి, అటు హైదరాబాదు, ఒకసారి ట్రైనింగుకని మైసూరు తప్ప ఏ ఊరూ ఎరగను.

వియన్నా మీద నాకు మోజు కాలేజీ రోజుల్లో పుట్టింది. లైబ్రరీలో ఒక పాత బొమ్మల పుస్తకం ఉండేది. అందులో వియన్నాలోని ఒక కాఫీ హోటలు ఫొటో ఒకటి. కిటికీ పక్కన ఒక నడివయసు ఆవిడ ఒంటరిగా కూర్చుని పేపరు చదువుకుంటోంది. ముందు ఒక కప్పు, ఒక గ్లాసు మంచినీళ్ళు. అంతే. ఆమెను ఎవరూ పిలవడం లేదు, ఏదీ అడగడం లేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళు పెద్దవాళ్ళయి హాస్టళ్ళకు వెళ్ళిపోయాక కూడా ఆ ఫొటో నాలో అలాగే ఉండిపోయింది. ఎప్పటికైనా ఒక పూట ఆ కుర్చీలో కూర్చోవాలనుకున్నాను. ఈ మాట మా ఆయనతో కూడా అనలేదు. నవ్వుతారని.

మా తోటికోడలిది అచ్చంపేట దగ్గర కృష్ణ ఒడ్డు పల్లెటూరు. పది తప్పింది, అదీ సోషల్లో. ఆ సంగతి తనే అందరికీ చెప్పి పెద్దగా నవ్వుతుంది. అలాంటి మనిషి యూరప్ వెళుతోంది!

వారం తర్వాత ఒక సాయంత్రం ఆమె ఒక కాగితం పట్టుకుని పైకి వచ్చింది. నేను పేపర్లు దిద్దుకుంటున్నాను.

"అక్కా, ఇదేందో చూడు. అయిదు రోజులు అందర్నీ కలిపే తిప్పుతారంట. ఆఖరి రెండు రోజులు మాత్రం మన ఇష్టమంట. ఈ రెండు ఊళ్ళల్లో ఏదో ఒకటి రాయాలంట. మీ మరిదికేమో పలకటమే రావట్లా."

కాగితం మీద రెండు పేర్లున్నాయి. వియన్నా, బ్రాటిస్లావా.

"రెండూ రాజధానులే," అన్నాను. "ఒకటి ఆస్ట్రియాకు, ఇంకోటి స్లొవేకియాకు. రెంటి మధ్యా దూరం మనకీ దాచేపల్లికీ ఉన్నంత."

"దాచేపల్లంత దూరంలో ఇంకో దేశమా! ఇంకో రాజధానా!" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మరి ఏది బాగుంటది?"

"చూసి చెబుతాలే. ఎప్పటికి ఇవ్వాలి?"

"శనివారానికి. నువ్వు ఏది చెబితే అదే అక్కా. నాకేం దెలుసు."

మూడు సాయంత్రాలు నేను ఫోన్లో ఆ రెండు ఊళ్ళ గురించి చదివాను. చదివాను అనడం కంటే తిరిగాను అనాలి. వియన్నాలో రాజులు కట్టించిన తోటలు చూశాను. పెద్ద చర్చి పైకప్పు మీద రంగురంగుల పెంకులు చూశాను. కాఫీ హోటళ్ళు ఒక్కొక్కటే తెరిచి, కిటికీ పక్కన ఖాళీ కుర్చీలు ఎక్కడున్నాయో వెతికాను. రెండో ఊరి గురించి చదవడానికి మనసు రాలేదు. నేను డిగ్రీ చదివేనాటికి ఆ దేశమే లేదు. మా స్కూలు గోడకున్న పాత పటంలో ఇప్పటికీ చెకొస్లొవేకియా అనే ఉంటుంది. చిన్న ఊరు, పాత బజారు, కొండ మీద తెల్లటి కోట, నది. వియన్నా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఒక పూట పోయి చూసి వచ్చే ఊరని చాలామంది రాశారు.

చదువుతున్నకొద్దీ నాకు అర్థమైంది ఒకటే. ఈ రెండింటిలో వియన్నా ఎంతో మేలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు అది చూడకపోతే వెర్రివాళ్ళే.

శుక్రవారం పొద్దు వాలేవేళకు ఆమె మళ్ళీ వచ్చింది. వెనకే మా మరిది కూడా వచ్చాడు.

"వదినా, మావాళ్ళంతా వియన్నానే రాస్తున్నారు. మనం గూడా అదే రాద్దామా?" అన్నాడు.

తోటికోడలు నా వైపే చూస్తోంది. "అక్క చెప్పనియ్యవయ్యా. అక్కా, నువ్వయితే ఏది రాస్తావు?"

అబద్ధం నాకు అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా తెలియదు. "నేనయితే బ్రాటిస్లావా రాస్తాను," అన్నాను. "వియన్నా మరీ పెద్ద ఊరు. ట్రాములు, రైళ్ళు మారాలి. మీకు భాష రాదు. రెండు రోజుల్లో పావు వంతు కూడా చూడలేరు, కాళ్ళ నొప్పులు తప్ప. ఇదయితే చిన్నది. నడిచే చూసిరావచ్చు."

చెప్పిన ముక్కల్లో ఒక్కటీ తప్పు కాదు. టీచర్ని కదా, కారణాలు చక్కగా పేర్చాను. లోపల ఉన్న అసలు కారణం ఒకటే. ఆ కుర్చీలో నాకంటే ముందు ఆమె కూర్చోకూడదు.

మా మరిది నసిగాడు. "అందరూ అటుపోతే మనం ఒక్కళ్ళం ఇటేంది?"

"అక్క చెప్పిందంటే ఏదో ఉంటదిలే," అని ఆమె నా పెన్ను తీసుకుని, ఆ కాగితం నా పేపర్ల కట్ట మీదే పెట్టుకుని కూర్చుంది. పేరు పైన అచ్చయి ఉన్నా, స్పెల్లింగ్ నేను చెబుతుంటే ఒక్కో అక్షరమూ దిద్దినట్టు రాసింది. పైనున్న వియన్నాను మాత్రం అడ్డంగా కొట్టేసింది. ఆ గీత చూసినప్పుడు నాకు కలిగింది సంతోషమే. దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు.

సెప్టెంబరులో వాళ్ళు వెళ్ళారు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపు నిండా ఫొటోలే. మంచు కొండలు, కేబుల్ కార్లు, ఒకేరకం టోపీలు పెట్టుకున్న డీలర్లు. మా ఆడపడుచులు ప్రతిదానికీ చేతులు జోడించిన బొమ్మలు, పూల బొమ్మలు పెడుతున్నారు. నేను ప్రతి ఫొటోనూ పెద్దది చేసి చూసేదాన్ని. చూసినట్టు తెలియకూడదని ఏమీ రాసేదాన్ని కాదు. మా ఆయన "మావాడు లావయ్యాడే" అని నవ్వితే, "అవును" అని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆరో రోజున బ్రాటిస్లావా నుంచి మొదటి ఫొటో వచ్చింది. వాన. బూడిదరంగు ఆకాశం. ఒక మూసేసిన షాపు చూరు కింద మా తోటికోడలు, మరిది ముడుచుకుని నిలబడి ఉన్నారు. ఆమె బూట్లు తడిసి నల్లబడ్డాయి. అదే సమయానికి వియన్నా వెళ్ళిన డీలర్ల ఫొటోలు కూడా మరిది పంపాడు, ఎండలో బంగారంలా మెరుస్తున్న రాజభవనం ముందు నవ్వుతూ.

ఆ రోజు రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ మర్నాడు కాక తర్వాతి రోజు మధ్యాహ్నం, భోజనాల గంట అయ్యాక పదో తరగతిలో ఉన్నాను. వీడియో కాల్ వచ్చింది. క్లాసులో ఫోన్ ఎత్తను. కానీ రెండుసార్లు మోగేసరికి ఏదైనా ఆపదేమోనని ఎత్తాను.

"అక్కా! ఇదిగో నీ నది!" అని పెద్ద కేక. తెర నిండా నీళ్ళు. "పడవెక్కాం. వియన్నా దాకా పడవలోనే పోయి, ఆణ్ణుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకంట. నువ్వు బోర్డు మీద గీస్తావంటగా, ఇదేగా అది?"

ముందు బెంచీ ఆడపిల్లలు అప్పటికే లేచి నిలబడ్డారు. "డాన్యూబా టీచర్? నిజంగా డాన్యూబేనా?" అని అరిచారు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. మా క్లాసులో పెద్ద డిజిటల్ తెర ఉంది. ఒక పిల్ల వచ్చి ఫోన్‌ను దానికి కలిపేసింది. నా నల్లబల్ల పక్కన గోడంత ఎత్తున మా తోటికోడలు ప్రత్యక్షమైంది. గాలికి జుట్టు చెదిరిపోయి, చలికోటు మీద నుంచి తాళిబొట్టు బయటికి వచ్చి వేలాడుతోంది.

"ఆంటీ, నీళ్ళు నీలంగా ఉన్నాయా?" అని ఒకడు అడిగాడు.

"యాడ నీలం నాయనా! మా అచ్చంపేట కాడ కృష్ణ ఎట్టుంటదో అట్టే ఉన్నయ్. కాస్త పచ్చగా. అదిగో, ఆ వంతెన చూడండి."

తెర మీదికి ఒక వంతెన వచ్చింది. ఒక ఒడ్డున ఏటవాలుగా వంగిన పెద్ద స్తంభం, దాని నెత్తిన గుండ్రటి పళ్ళెం లాంటి గది. నేను ఆ వంతెన గురించి చదివాను. అందులో హోటలు ఉందని మాత్రమే గుర్తుంది.

"నీళ్ళల్లో ఒక్క స్తంభమన్నా ఉందేమో చూసి చెప్పండి," అంది ఆమె.

పిల్లలు ముందుకు వంగి చూశారు. "లేదాంటీ!"

"మరి అంత వంతెన ఎట్టా నిలబడింది? బరువంతా ఆ ఇనప తాళ్ళు పట్టుకున్నయ్. తాళ్ళను ఆ ఒంటి స్తంభం పట్టుకుంది. సరే, అది వెనక్కి ఎందుకు వంగింది? మీ అమ్మ చంకన నీళ్ళ బిందె పెట్టుకుంటే ఎటు వంగిద్ది?"

"అవతలి పక్కకి!" అని క్లాసంతా ఒక్కసారి అరిచింది.

"అదీ సంగతి. ఇదీ అంతే."

వెనక బెంచీలో ఎప్పుడూ కునికే పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. ఇరవై నాలుగేళ్ళలో నాకు తట్టని పోలిక అది. నేను చాక్‌పీసు పట్టుకుని, నా క్లాసులో నేనే ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాను.

"ఆంటీ, మీరేం చదివారు?" అని ఒకమ్మాయి అడిగింది.

"పది తప్పానమ్మా. అదీ మీ టీచర్ చెప్పే సోషల్లోనే." పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదది. నన్ను చూసి వాళ్ళు అలా ఎప్పుడూ నవ్వలేదు.

కాల్ అయిపోయాక నేను పాఠం మొదలుపెట్టబోయాను. "టీచర్, రేపు గూడా ఆంటీని ఫోన్ చెయ్యమనండి," అన్నాడొకడు. పుస్తకాలు తియ్యమన్నాను. అవసరం కంటే గట్టిగానే అన్నట్టున్నాను. క్లాసు ఒక్కసారిగా చప్పబడింది.

వాళ్ళు తిరిగొచ్చిన ఆదివారం ఆమె పైకి వచ్చింది. అందరికీ చాక్లెట్లు పంచేసి, నా కోసం విడిగా ఒక మడత కాగితం తెచ్చింది. హోటలు వాళ్ళు ఇచ్చే ఊరి పటం. తడిసి ఆరి గరగరలాడుతోంది. దాని నిండా పెన్నుతో పెట్టిన చుక్కలు.

"నీకు పటాలంటే ఇష్టం గదా. మేము తిరిగిందంతా గుర్తు పెట్టుకొచ్చా. ఇదిగో, ఈడ రోడ్డు మధ్యలో గోతిలోంచి తల బయటపెట్టి చూసే కంచు బొమ్మ ఉంది. ఇదేమో నీలం రంగు చర్చి, గోడలు, పెంకులు అన్నీ నీలమే. సున్నం పని ఎంత నున్నగా చేశారనుకున్నావ్! నేను చెయ్యి పెట్టి రుద్ది చూసొచ్చా."

"ఈ పెద్ద చుక్కేంటి?" అని అడిగాను.

ఆమె కాస్త సిగ్గుపడింది. "అదా. రెండోరోజు మీ మరిదికి ఒళ్ళు నొప్పులని రూములో పడుకున్నాడు. నేనొక్కదాన్నే బయటికొచ్చా. ఈడ ఒక కాఫీ హోటలుంది. కిటికీ కాడ కూచున్నా. ఏదో చూపిచ్చా, అదే తెచ్చిచ్చింది ఆ పిల్ల. గంట పైన కూచున్నానక్కా. ఎవ్వళ్ళూ లెమ్మన్లా. ఏందమ్మా అని అడగలా. పెళ్ళయినాక నేనట్టా ఒక్కదాన్నే ఉత్తినే కూచున్నది ఎప్పుడూ లేదు."

ఊరు మార్చి పంపినా అదే కుర్చీ ఆమెకు దొరికింది. నేను ముప్పై ఏళ్ళు కలగన్నది ఆమె అనుకోకుండా, కలగనకుండా, తడి బూట్లతో పోయి కూర్చుని వచ్చింది. మళ్ళీ నాకే థాంక్స్ చెబుతోంది. "నువ్వు చెప్పబట్టి గదా. వియన్నా పోయినోళ్ళు బస్సుల్లో తిరగటానికే సరిపోయిందంట."

అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. ఆ థాంక్స్ భరించలేక అనేశాను.

"నీకు మంచిదని చెప్పలేదు. వియన్నా బాగుంటుందని తెలిసే వద్దన్నాను. నేను చూడని ఊరు నువ్వు చూడకూడదని."

ఆమె ఒక క్షణం నవ్వబోయింది. నేను నవ్వలేదని చూసి ఆగిపోయింది. పటాన్ని మడిచింది. మళ్ళీ విప్పి నా ముందు పెట్టింది.

"ఇప్పుడెందుకు చెప్పావక్కా?" అంది నెమ్మదిగా. "మంచిగా చూసొచ్చానుగా. చెప్పకపోతే నాకు అట్టనే ఉండేది. ఇప్పుడు ఆడ కూచున్నది తలుచుకుంటే నువ్వు గుర్తొస్తావు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు. నాకు తేలికయిందేమో, ఆ బరువు మాత్రం ఆమె మీద పడేశాను.

పన్నెండు రోజులు ఆమె పైకి రాలేదు. గేటు దగ్గర ఎదురైతే "స్కూలుకా?" అని అడిగేది, అంతే. మా ఆయన "ఏమైందే మీ ఇద్దరికీ?" అంటే ఏమీ లేదన్నాను.

పదమూడో రోజు, రెండో శనివారం, నేనే షాపుకి వెళ్ళాను. పదేళ్ళలో ఆ షాపులో కూర్చున్నది రెండు మూడుసార్లే. సిమెంటు దుమ్ముకి చీర పాడవుతుందనుకునేదాన్ని. ఆమె కౌంటరు వెనక ఒక మేస్త్రీతో స్లాబు గురించి మాట్లాడుతోంది. నన్ను చూసి కుర్చీ వైపు చెయ్యి చూపించి, మాట ఆపకుండా పని చేసుకుంది. అరగంట కూర్చున్నాను. మేస్త్రీలు ఆమెను "అక్కా, ఇది ఎట్టంటావ్?" అని అడుగుతున్నారు. ఆమె చెబుతోంది, వాళ్ళు తల ఊపుతున్నారు. ఇదంతా మా ఇంటి కింది గదుల్లోంచే రోజూ వెళ్ళి చేస్తోందా అనుకున్నాను. అక్కడ కూడా నాకు ఈర్ష్యే వేసింది. కాకపోతే ఈసారి ఊరి మీద కాదు.

జనం పల్చబడ్డాక ఆమె నా ఎదుట కూర్చుంది. టీ తెప్పించింది.

"తప్పు చేశాను," అన్నాను.

"చేశావు," అంది. కాసేపు టీ తాగింది. "సరే, ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ వియన్నాలో ఏముంది?"

చెప్పాను. తోటలు, రంగు పెంకుల చర్చి, కాఫీతో పాటు మంచినీళ్ళ గ్లాసు ఇవ్వడం, లైబ్రరీ పుస్తకంలోని ఆవిడ. ఎవరికీ చెప్పని ఆ ఫొటో సంగతి సిమెంటు బస్తాల మధ్య కూర్చుని ఆమెకు చెప్పాను. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చారు. వాళ్ళను పంపి, "ఆఁ, తర్వాత?" అని మళ్ళీ కూర్చుంది. అంతా విని, "బాగుండేటట్టే ఉంది," అంది. "ఇంత ఇష్టముంటే ఆ రోజే చెప్పొచ్చుగా. నేను నవ్వుతాననుకున్నావా?"

"అనుకున్నాను."

"నవ్వేదాన్నేమో," అని ఒప్పుకుంది.

ఆ తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. తన పిల్లల మందులు, చీరల రంగులు, బంధువుల పెళ్ళిళ్ళు అన్నీ నన్ను అడుగుతూనే ఉంది. ఈ ఏడు కంపెనీ వాళ్ళు మళ్ళీ కాగితం పంపారు. ఈసారి రెండు ద్వీపాల్లో ఒకటి ఎంచుకోవాలట. ఆ కాగితం పైకి రాలేదు. తనే ఫోన్లో చూసుకుని, తనే రాసి ఇచ్చేసిందని మూడు రోజుల తర్వాత మరిది మాటల్లో తెలిసింది. ఆమె మళ్ళీ వెళుతోందన్నందుకు కడుపు మండింది, కాదనను. కానీ ఏ ఊరు రాయాలో నన్ను అడగలేదన్నదే అంతకంటే ఎక్కువ మండింది. ఆ సాయంత్రం కిందికి వెళ్ళి ఏది రాశావని అడిగాను. పేరు చెప్పింది. మంచిదే రాశావన్నాను. ఈసారి అది నిజం.